నగర మంచినీటి సరఫరాను సంయుక్త సంస్థకు ఇవ్వవచ్చా? నాగపూర్‌ను దగ్గరగా చూద్దాం

పెంచ్ తీరం (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా వచ్చి నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. ఊరికి వెళ్లినప్పుడల్లా బంధువులు ఒకటే అడుగుతారు, "మీ దగ్గర నీళ్లు ప్రైవేటు వాళ్లకు ఇచ్చేశారట, నిజమేనా? బిల్లులు భరించగలుగుతున్నారా?" అని. ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. పెరుగుతున్న ప్రతి నగరంలోనూ ఇలాంటి ప్రతిపాదన ఏదో ఒక రోజు కౌన్సిల్ ముందుకు వస్తుంది. అప్పటికి మనవాళ్లు విషయం తెలిసి మాట్లాడాలన్న కోరికతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఇక్కడ జరిగినదేమిటో ముందు చెబుతాను. శుద్ధి కేంద్రాలు, ఎత్తైన ట్యాంకులు, భూమిలోని పైపులు ఇప్పటికీ నాగపూర్ నగరపాలక సంస్థ ఆస్తులే. వాటిని నడిపే పని మాత్రం 25 ఏళ్లకు ఆరెంజ్ సిటీ వాటర్ అనే సంస్థకు అప్పగించారు. ఫ్రాన్సుకు చెందిన నీటి కంపెనీ వియోలియా వారి భారతీయ శాఖ, నాగపూర్‌కు చెందిన విశ్వరాజ్ సంస్థ చెరి సగం వాటాతో దీన్ని పెట్టాయి. 2012 మార్చి 1న అది పని చేతిలోకి తీసుకుంది. అంతకు ముందే ధరంపేట్ ప్రాంతంలో ఇరవై నాలుగు గంటల సరఫరా ప్రయోగం చేసి చూశారు. సంస్థ పనిని కనిపెట్టి ఉండటానికి కార్పొరేషన్ తన సొంత కంపెనీని ఒకదాన్ని పెట్టుకుంది.

డబ్బు సంగతి జాగ్రత్తగా గమనించండి. మొదటి అయిదేళ్ల పనులకు అంచనా సుమారు 388 కోట్ల రూపాయలు. అందులో సగం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే అప్పటి నగరాభివృద్ధి పథకం కింద కేంద్రానిది, 20 శాతం రాష్ట్రానిది, మిగిలిన 30 శాతం సంస్థది. నీటి చార్జీ ఎంతో నిర్ణయించేది కార్పొరేషనే. సంస్థకు ముట్టేది వేరే లెక్క: బిల్లు వేసి వసూలు చేసిన ప్రతి వెయ్యి లీటర్లకు మొదట్లో 7 రూపాయల 90 పైసలు. పైపు పగిలి నేలలో ఇంకిపోయిన నీటికి దానికి పైసా రాదు. ఒప్పందం మొత్తంలో నాకు బాగా నచ్చిన షరతు ఇది. మీ అభిప్రాయాలు రాయండి, విమర్శలైనా సరే.

పైపులైను

ప్రజారోగ్య ఇంజనీరింగ్‌లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. పెంచ్ తీరం గారు మంచి చోట వేలు పెట్టారు. వేసవి రాగానే మన పట్టణాల్లో వినిపించే మాట "కొత్త నది కావాలి, కొత్త పథకం కావాలి" అని. ఊరి పొలిమేర దాకా వచ్చిన నీటిలో కుళాయికి చేరుతున్నది ఎంత అని అడిగేవారు తక్కువ. చాలా భారతీయ నగరాల్లో శుద్ధి చేసిన నీటిలో మూడోవంతు నుంచి సగం దాకా బిల్లు లేకుండానే మాయమవుతుంది. కొంత లీకేజీ, కొంత దొంగ కనెక్షన్లు, కొంత పనిచేయని మీటర్లు. నాగపూర్‌లోనూ సంస్థ రాకముందు పరిస్థితి అదే.

ఒక ఊహాచిత్రం చూడండి. ఒక నగరం 200 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు), అంటే రోజుకు 20 కోట్ల లీటర్లు, శుద్ధి చేస్తోంది. సగం పోతోంది. ఆ నష్టాన్ని సగం నుంచి పావుకు దించగలిగితే రోజుకు 5 కోట్ల లీటర్లు చేతికి వస్తాయి. ఆనకట్ట అక్కరలేదు, భూసేకరణ అక్కరలేదు, వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపు చేసే కరెంటు ఖర్చు అక్కరలేదు. అయితే ఆ పనికి శిలాఫలకం వేయడానికి చోటుండదు. వీధి వీధిలో తవ్వాలి, రాత్రిపూట మేలుకుని వినాలి, వీధి పైపు నుంచి ఇంటికి నీరు మళ్లించే ఫెర్రూలు ఇంటింటికీ మార్చాలి. అందుకే అది ఎప్పుడూ వచ్చే ఏటి బడ్జెట్‌కు వాయిదా పడుతుంది.

రాత్రి మేలుకోవడం అని ఎందుకన్నానో చెబుతాను. ఊరిని చిన్న చిన్న సరఫరా మండలాలుగా విడగొట్టి, ఒక్కో మండలంలోకి నీరు వెళ్లే చోట పెద్ద మీటరు పెడతారు. రాత్రి రెండు నుంచి నాలుగు గంటల మధ్య జనం నిద్రలో ఉంటారు, వాడకం అతి తక్కువ. అప్పుడు కూడా మీటరు జోరుగా తిరుగుతోందంటే ఆ నీరు నేలలోకి పోతోందన్నమాట. ఆ మండలంలో వాల్వులు ఒక్కొక్కటే మూస్తూ, శబ్దం పట్టే పరికరంతో పైపు మీద వింటూ పోతే చిల్లు ఎక్కడుందో దొరుకుతుంది. ఇందులో విదేశీ మంత్రమేమీ లేదు. మన లైన్‌మన్లకు నేర్పితే మూడు నెలల్లో వచ్చే విద్య.

గుంటూరు వైద్యుడు

పైపులైను గారు లీటర్ల గురించి రాశారు, నేను రోగాల గురించి రాస్తాను. రోజుకు ఒక గంట నీళ్లు వదిలి మిగతా ఇరవై మూడు గంటలు ఆపితే పైపు ఖాళీ అవుతుంది. లోపల ఒత్తిడి పడిపోతుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే, ఏ చిల్లులోంచి మన నీరు బయటికి పోయిందో ఆ చిల్లులోంచే మురుగు లోపలికి వస్తుంది. మర్నాడు నీళ్లు వదలగానే మొదటి బిందెల్లో ఆ మురుగు ఇంట్లోకి చేరుతుంది. 2018 మార్చిలో మా గుంటూరులో కలుషిత నీటి వల్ల అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో ఆసుపత్రి వరండాలు చూసినవారెవరూ నీటి సరఫరాను కేవలం ఇంజనీర్ల వ్యవహారం అనుకోరు.

పైపు ఎప్పుడూ నిండుగా, ఒత్తిడితో ఉండటమే అసలైన రక్షణ. కుళాయి చివర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్నది మన దేశ ప్రమాణం. ఆగి ఆగి వచ్చే నీటిలో దాన్ని నిలబెట్టడం చాలా కష్టం.

ఇక్కడ హుబ్బళ్లి-ధార్వాడ్ విషయం చెప్పాలి. ప్రపంచ బ్యాంకు రుణంతో 2008లో అక్కడి కొన్ని వార్డుల్లో, అలాగే బెళగావి, కలబురగిలలో కొన్ని ప్రాంతాల్లో, ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలైంది. ఆ తర్వాత పరిశోధకులు నిరంతర సరఫరా ఉన్న వార్డులనూ లేని వార్డులనూ పోల్చి చూశారు. నిరంతర సరఫరా ఉన్నచోట కుళాయి నీటిలో కాలుష్యం బాగా తక్కువ. చిన్నపిల్లల అతిసారంలో మాత్రం మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పేద కుటుంబాల్లో రక్త విరేచనాలు తగ్గాయి, టైఫాయిడ్ కూడా తక్కువగా నమోదైంది. నీరు ఒక్కటే అన్ని జబ్బులనూ ఆపలేదు, చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్లు, ఇంట్లో నిల్వ చేసే పద్ధతి అన్నీ కలవాలి. మేలు ఎక్కువగా అందినది పేదలకు అన్న సంగతి మాత్రం నేను మరువలేను.

ఓరుగల్లు కోట

ఇంజనీరు గారు, డాక్టరు గారు చెప్పిన దానితో నాకు పేచీ లేదు. పెంచ్ తీరం గారి మొదటి పోస్టుతోనే ఉంది. పెట్టుబడిలో 70 శాతం ప్రజల సొమ్ము. ఆస్తి ప్రజలది. నది ప్రజలది. లీకేజీ పట్టుకునే విద్య లైన్‌మన్లకు మూడు నెలల్లో నేర్పవచ్చని ఇంజనీరు గారే అంటున్నారు. అలాంటప్పుడు 25 ఏళ్ల పాటు సంస్థకు ఎందుకు ఇవ్వాలి?

పైగా గడువు సంగతి ఏమయింది? అయిదేళ్లలో నగరమంతటా నిరంతర సరఫరా ఇస్తామన్నారు. 2017 వచ్చింది, వెళ్లింది. అన్ని ప్రాంతాలకూ అందలేదు. ఒక తరం మొత్తాన్ని కట్టిపడేసే ఒప్పందం ఇది. సంతకం చేసిన కార్పొరేటర్లు మళ్లీ గెలుస్తారో ఓడతారో, అసలు ఊళ్లోనే ఉంటారో లేదో తెలియదు. బిల్లు కట్టేది మన పిల్లలు.

పూరీ చూడండి. ఒడిశా ప్రభుత్వానికే చెందిన వాట్కో అనే సంస్థ ద్వారా 2021 జూలైలో నగరమంతటికీ, కుళాయి దగ్గరే పట్టుకుని తాగగలిగిన నీటిని ఇరవై నాలుగు గంటలూ ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రైవేటు వాటా లేదు. ఇంటింటికీ వెళ్లి మీటరు చూసేది, బిల్లు ఇచ్చేది, నీటి నాణ్యత పరీక్షించి చూపేది జలసాథులనే స్థానిక మహిళలు. మన దగ్గర పొదుపు సంఘాల బలం దేశంలోనే పేరెన్నికగన్నది. ఆ దారి వదిలి ఇంత దూరం ఎందుకు వెళ్లాలి?

పెంచ్ తీరం

కోట గారూ, గడువు విషయంలో మీరు రాసింది నిజం. ఆలస్యానికి సంస్థ కారణమని కొందరు, పనులు అప్పగించడంలో, రోడ్లు తవ్వే అనుమతుల్లో కార్పొరేషన్ జాప్యమే కారణమని మరికొందరు ఇక్కడ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. మూడు లక్షల పైచిలుకు ఇంటి కనెక్షన్లు మార్చాలన్నది చిన్న పని కాదు. ఇరుకు సందులు, దశాబ్దాల నాటి ఇనుప పైపులు, ఎవరికీ పటం తెలియని లైన్లు. అయినా గడువు గడువే.

పూరీకీ నాగపూర్‌కూ తేడా ఉంది. పూరీ జనాభా కొన్ని లక్షలు, ఇక్కడ పాతిక లక్షలు. అది సాకుగా చెప్పడం లేదు. ప్రభుత్వ సంస్థ చేయగలదని పూరీ రుజువు చేసింది. ఏ సంస్థ అయినా చేయాలంటే కావలసినవి ఏమిటో కూడా చూపింది: తన ఖాతా తనకు ఉండటం, అయిదారేళ్లు అధికారిని కదిలించకపోవడం, ఇంటింటి మీటరు. మన కార్పొరేషన్లలో ఆ మూడూ కలిసి ఉన్నచోటు ఎక్కడుంది చెప్పండి? కమిషనర్ ఏడాదికి మారతాడు, నీటి చార్జీ డబ్బు జీతాల ఖాతాలోకి పోతుంది, మీటరు మాట ఎత్తితే ఓట్లు పోతాయంటారు.

గాజువాక గృహిణి

ఇంత పెద్దవాళ్ల మధ్య అడగవచ్చో లేదో తెలియదు. మేము ఇంతకు ముందు ఉన్న ఊళ్లో తెల్లవారుజామున ఎప్పుడో నీళ్లు వచ్చేవి. ఎవరు ముందు మోటారు వేస్తే వాళ్లకే నీళ్లు, వీధి చివరి ఇళ్లకు గాలి. చుట్టాలింటికి వెళ్లాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా నీళ్ల వేళ చూసుకునే వెళ్లేదాన్ని. ఇరవై నాలుగు గంటలూ వస్తే సంపు, మోటారు, పైన ట్యాంకు ఏవీ అక్కరలేదా? అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు మీటరు బిల్లు ఎవరు కట్టాలి?

పైపులైను

అమ్మా, తప్పకుండా అడగాలి. ఒత్తిడి సరిగా ఉంటే కింది అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మోటారు లేకుండానే ఎక్కుతుంది. అపార్ట్‌మెంట్లకు సంపు తప్పదు. కుళాయి లైనుకే నేరుగా మోటారు బిగించడం మాత్రం పూర్తిగా ఆగాలి. అది పక్కింటి నీరు లాక్కోవడమే కాదు, పైపులో ఒత్తిడి పడగొట్టి మురుగును కూడా లాగుతుంది. వైద్యుడు గారు చెప్పిన ప్రమాదం సగం అక్కడ పుడుతుంది.

అద్దె ఇళ్ల సంగతి ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే ప్రతి ఇంట్లో తగువే. ఒకే మీటరు మీద నాలుగు కుటుంబాలుంటే వాడకం ఎక్కువ కనిపించి పై శ్లాబు రేటు పడుతుంది. బిల్లు నాలుగుకు పంచినా పేదవాడు ధనవంతుడి రేటు కట్టినట్టవుతుంది. ఇది మీటర్లు వచ్చిన ఏ నగరంలోనైనా ఎదురయ్యే చిక్కు.

మూసీ వాసి

మీటరు అంటే పేదల మీద భారమేనని అనుకోనక్కరలేదు. హైదరాబాద్‌లో 2021లో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం వచ్చినప్పుడు, బస్తీలకు మినహాయించి మిగతా ఇళ్లన్నిటికీ మీటరు పెట్టుకుంటేనే ఉచితం అన్నారు. ఆ 20 వేలు ఊరికే వచ్చిన అంకె కాదు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది కేంద్ర ప్రమాణం. అయిదుగురున్న ఇంటికి నెలకు లెక్క వేయండి, ఇరవై వేల పైన కొద్దిగా వస్తుంది. మొదటి 20 వేల లీటర్లకు ఎవరు నడిపినా ఇల్లు కట్టేది సున్నా, లేదా నామమాత్రంగా ఉండాలి. ఆ లోటును కార్పొరేషన్ నేరుగా భరించాలి. ఇలా ఒప్పందంలో రాయిస్తే సగం భయం పోతుంది. నాగపూర్ మొదటి రేటు ప్రకారం 20 వేల లీటర్లకు సంస్థకు చెల్లించవలసింది 158 రూపాయలే కదా.

హైదరాబాద్ కృష్ణ నీటిని నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తెచ్చుకుంటుంది, గోదావరిని ఎల్లంపల్లి నుంచి. ఇంత కరెంటు ఖర్చు పెట్టి తెచ్చిన నీరు వీధిలో లీకైతే డబ్బే పారుతున్నట్టు.

తిరుప్పూర్ నూలు

మా పెద్దలు రాయలసీమ నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. సంయుక్త సంస్థ అంటే మా ఊరి కథ చెప్పకుండా ఉండలేను. అసలైన అర్థంలో సంయుక్త సంస్థ మాదే. తమిళనాడు ప్రభుత్వం, మౌలిక వసతులకు పెట్టుబడి సమకూర్చే ఐఎల్‌అండ్‌ఎఫ్‌ఎస్ సంస్థ, ఇక్కడి బనియన్ల ఎగుమతిదారుల సంఘం కలిసి 1995లో న్యూ తిరుప్పూర్ ఏరియా డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టారు. 185 ఎంఎల్‌డీ సామర్థ్యంతో భవాని నది నీటిని తెచ్చి, ఎక్కువ భాగం అద్దకం పరిశ్రమలకు మంచి ధరకు అమ్మి, ఆ లాభంతో ఊరికీ చుట్టుపక్కల పల్లెలకూ తక్కువ ధరకు ఇవ్వాలన్నది ఆలోచన. 2005 నాటికి నీరు వచ్చింది. దేశమంతా వచ్చి చూసి వెళ్లారు.

2011 జనవరిలో మద్రాసు హైకోర్టు నొయ్యల్ నదిని పాడుచేస్తున్న అద్దకం యూనిట్లను మూయమంది. తీర్పు న్యాయమైనదే, ఆ నది కింద రైతులు పడిన కష్టం నేను చూశాను. కానీ ఎక్కువ ధర కట్టే కొనుగోలుదారు ఒక్కరోజులో మాయమయ్యాడు. అప్పు మాత్రం మాయం కాలేదు. సంస్థ ఏళ్ల తరబడి నష్టాల్లో కూరుకుపోయింది. పరిశ్రమ మీద ఆధారపడి ఊరికి నీళ్లిచ్చే పథకంలో పరిశ్రమ కూలితే ఎవరు భరించాలో ముందే రాసుకోవాలి. విశాఖవాళ్లు ఇది శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను.

గాజువాక గృహిణి

విశాఖ పేరు ఎత్తారు కాబట్టి మా వారు చెప్పమన్నది రాస్తున్నాను, ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. మాకు నీరు మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు ఇలా చాలా చోట్ల నుంచి వస్తుంది. ఏలేరు కాలువ 150 కిలోమీటర్లకు పైన ఉంటుందట, అదీ తెరిచిన కాలువే. ఆవిరి, ఇంకుడు, దారిలో తోడుకోవడం అన్నీ పోగా మిగిలింది మాకు. గోదావరి నీటిని ఆ కాలువకు ఎత్తిపోసే పనికి కూడా ఒకప్పుడు పారిశ్రామిక నీటి సరఫరా కంపెనీ అని ప్రత్యేకంగా పెట్టారు. రైవాడ నీరు మాకే కావాలని చోడవరం వైపు రైతులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. ఉక్కు కర్మాగారం, కొత్త పరిశ్రమలు, పెరిగే జనం, ఆ రైతులు అందరికీ నీరు ఎక్కడి నుంచి వస్తుందని మా వారి ప్రశ్న.

పెంచ్ తీరం

అమ్మా, మీ వారి ప్రశ్నకు నాగపూర్ చేసిన ఒక మంచి పని జవాబులో కొంత భాగం. ఇక్కడి కోరాడి థర్మల్ విద్యుత్ కేంద్రానికి మంచినీటి బదులు నగరపు మురుగునీటిని శుద్ధి చేసి ఇస్తున్నారు. 130 ఎంఎల్‌డీ సామర్థ్యంతో మొదలుపెట్టారు. ఆ మేరకు మంచినీరు ఊరికి మిగులుతుంది, మురుగు నదిలో కలవడం తగ్గుతుంది, కార్పొరేషన్‌కు రాబడి వస్తుంది. నాగపూర్‌లో నేను నిజంగా గర్వపడేది కుళాయి ఒప్పందం కన్నా దీని గురించే. ఉక్కు కర్మాగారాలున్న ఊరికి ఇంతకన్నా తగిన దారి నాకు కనిపించదు.

ఎంత మంచి నిర్వాహకుడైనా చేయలేనిది ఒకటుంది. 2019 జూలైలో మాకు నీరిచ్చే తోట్లడోహ్ జలాశయం అడుగంటింది. వాన ఆలస్యమైంది. ఎగువన మధ్యప్రదేశ్‌లో పెంచ్ నది మీదే చౌరాయ్ ఆనకట్ట వచ్చాక కిందికి దిగే నీరు తగ్గింది. నగరమంతటికీ రోజు విడిచి రోజు నీళ్లిచ్చారు. నిరంతర సరఫరా అందుతున్న ప్రాంతాలు కూడా దాన్ని కోల్పోయాయి. ఏ ఒప్పందమూ ఎగువ రాష్ట్రంతో మాట్లాడదు, ఆ బాధ్యత ప్రభుత్వానిదే.

లెక్కల మాస్టారు

పెంచ్ తీరం గారికి అన్నిటికన్నా నచ్చిన షరతు మీదే నా అనుమానం. వసూలైన లీటరుకు ఇంత అని చెల్లిస్తే లీకేజీ తగ్గించడం సంస్థకు లాభం, నిజమే. అదే షరతు ఇంకో రెండు పనులు కూడా చేస్తుంది. మొదటిది, ఎంత ఎక్కువ వాడితే సంస్థకు అంత మేలు. నీటిని పొదుపు చేయమని చెప్పడానికి దానికి కారణమే ఉండదు. రెండోది, కట్టగలిగినవాళ్ల వీధిలో పైపు ముందు మారుతుంది, కట్టలేనివాళ్ల బస్తీకి చివర వస్తుంది. ఎవరి దుర్బుద్ధీ అక్కరలేదు, లెక్కే అటు లాగుతుంది. కాబట్టి బస్తీ కనెక్షన్లకు వేరే చెల్లింపు, వేరే గడువు రాయాలి. వీధి కుళాయి తీసే ముందు ఆ వీధిలో ఇంటింటి కనెక్షను నీళ్లు పారుతూ ఉండాలని కూడా రాయాలి.

ఇంకొకటి. సంస్థకు చెల్లించే రేటు ధరల సూచీని బట్టి ప్రతి ఏడాదీ పెరుగుతుంది. జనం కట్టే చార్జీ కౌన్సిల్ ఒప్పుకుంటేనే పెరుగుతుంది. ఎన్నికల ఏడాది ఒప్పుకోరు. ఈ రెంటి మధ్య తేడా ఎవరి నెత్తిన పడుతుంది? కార్పొరేషన్ నెత్తిన. నాగపూర్ ఏటా 5 శాతం పెంపును నిబంధనల్లోనే రాసుకుంది. ప్రతి ఏడాదీ దాని మీద నిరసన. నిబంధన లేకపోతే లోటు, ఉంటే నిరసన. పాలకులు జనం ముందుకు వచ్చి ఈ మాట ముందే చెప్పాలి.

ఓరుగల్లు కోట

మాస్టారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కార్మికుల మాట కూడా చేర్చండి. ఏ వాల్వు ఏ వైపు తిప్పాలో, ఏ సందులో పాత లైను వంపు తిరిగిందో చేత్తో తెలిసినవాళ్లు లైన్‌మన్లు. నిర్వహణ చేతులు మారినప్పుడు వాళ్లను పక్కన పెడితే నగరం తన జ్ఞాపకాన్నే పోగొట్టుకుంటుంది. వాళ్ల ఉద్యోగ భద్రత, వాళ్ల దగ్గరున్న పటాలు కాగితం మీదికి ఎక్కించే పని టెండరుకు ముందే జరగాలి.

బెర్లిన్ తెలుగు

ఇక్కడి అనుభవం రాస్తే ఉపయోగపడుతుందనుకుంటున్నాను. 1999లో బెర్లిన్ నగరం తన నీటి సంస్థలో 49.9 శాతం వాటాను ఆర్‌డబ్ల్యూఈ, ఇప్పటి వియోలియా అనే రెండు కంపెనీలకు అమ్మింది. అధిక వాటా నగరానిదే కనుక అదుపు మనదేనని జనానికి చెప్పారు. ఒప్పందాన్ని రహస్యంగా ఉంచారు. చార్జీలు పెరుగుతుంటే కారణం అడిగినవారికి కాగితం చూపలేదు. ప్రైవేటు భాగస్వాముల లాభానికి నగరమే హామీ ఇచ్చిందన్న సంగతి తర్వాత బయటపడింది.

పౌరులు సంతకాలు సేకరించి 2011 ఫిబ్రవరిలో ప్రజాభిప్రాయ సేకరణ తెచ్చారు. అడిగింది ఒకటే: ఒప్పందాలన్నీ బయటపెట్టండి అని. ఆరు లక్షల మందికి పైగా అవునన్నారు. 2012, 2013లలో నగరం ఆ వాటాలు తిరిగి కొనుక్కుంది. రెండూ కలిపి వంద కోట్ల యూరోలకు పైనే అయింది. అమ్మడం ఒక సంతకం, తిరిగి తెచ్చుకోవడం ఒక తరం పని. పారిస్ అయితే ఒప్పందాల గడువు ముగిసే దాకా ఆగి, 2010లో నీటిని సొంత సంస్థ కిందికి తెచ్చుకుంది. పెనాల్టీ గొడవ లేకపోయింది. కాబట్టి ఎంత కాలానికి, ఏ షరతు మీద తప్పుకోవచ్చు అన్న పేజీని ముందు చదవండి.

వాటా ఎవరిది ఎంత అన్న దానికన్నా నాకు ముఖ్యమనిపించేది ఇదే. నాగపూర్‌లో కార్పొరేషన్‌కు సంస్థలో వాటా లేదు, ఆస్తి ఉంది. బెర్లిన్‌లో నగరానికి సగానికి పైగా వాటా ఉంది, అదుపు లేదు.

పెంచ్ తీరం

బెర్లిన్ గారూ, ధన్యవాదాలు. నేను నాగపూర్ పద్ధతికి అనుకూలుడిననే ఇప్పటికీ చెబుతాను. అయితే ఒప్పందం పూర్తి పాఠం స్థానిక భాషలో, వార్డు కార్యాలయంలో, సంతకానికి ముందే దొరికితేనే. మాస్టారు చెప్పిన బస్తీ షరతు, మూసీ వాసి గారు చెప్పిన మొదటి 20 వేల లీటర్ల షరతు లేకుండా మా ఊరి ఒప్పందాన్ని యథాతథంగా ఎవరూ తీసుకోవద్దు.

గుంటూరు వైద్యుడు

నాణ్యత షరతు కూడా. నమూనాలు తీసేది సంస్థ, పరీక్షించేది సంస్థ, ఫలితం దాచుకునేది సంస్థ అయితే ప్రయోజనం లేదు. నమూనా కుళాయి చివర తీయాలి, పరీక్ష బయటి ప్రయోగశాలలో జరగాలి, ఫలితం వార్డువారీగా అదే వారం బోర్డు మీద పెట్టాలి. వానాకాలంలో మరీ ముఖ్యం.

పైపులైను

ఇంతమంది ఇన్ని మంచి షరతులు చెప్పారు. వాటన్నిటికీ ముందు జరగవలసిన పని ఒకటుంది. ఇప్పుడు ఎంత నీరు పోతోందో కొలవకుండా టెండరు పిలవకూడదు. శుద్ధి కేంద్రం బయట, ప్రతి ట్యాంకు బయటి పైపు మీద పెద్ద మీటర్లు బిగించి, ఏడాది పాటు అంకెలు రాసుకోవాలి. అది లేకుండా "నష్టం సగం ఉండేది, పావుకు తెచ్చాం" అని రేపు సంస్థ చెబితే కాదనడానికి మన దగ్గర ఆధారం ఉండదు. "ముందే పావు ఉండేది" అని కార్పొరేషన్ చెబితే సంస్థ కోర్టుకు వెళుతుంది. పాతికేళ్ల తగవంతా ఆ మొదటి అంకె మీదే నడుస్తుంది. ఆ కొలత పూర్తయ్యాక, పూరీ దారా నాగపూర్ దారా అన్నది ఎవరి ఊరికి వారు తేల్చుకోవచ్చు. సొంతంగా చేసుకున్నా ఆ మీటర్లు వృథా పోవు.

ఓరుగల్లు కోట

ఇది అందరం కలిసి అడగగలిగిన విషయం. సమాచార హక్కు కింద మా కార్పొరేషన్‌కు దరఖాస్తు పెడతాను. ఏమేమి అడగాలో వాక్యాలు చెప్పండి ఇంజనీరు గారూ, మాట తేడా వస్తే "సమాచారం అందుబాటులో లేదు" అని తిప్పి పంపుతారు.

పైపులైను

కోట గారూ, ఇలా రాయండి. గత పన్నెండు నెలల్లో నెలవారీగా శుద్ధి కేంద్రం నుంచి బయటికి పంపిన నీరు ఎన్ని ఎంఎల్‌డీ, అది మీటరుతో కొలిచినదా, పంపు నడిచిన గంటల మీద అంచనా వేసినదా. అదే నెలల్లో బిల్లు వేసిన నీరు ఎంత, వసూలైన సొమ్ము ఎంత. పనిచేసే మీటరున్న కనెక్షన్లు ఎన్ని, మీటరు లేనివి ఎన్ని. ట్యాంకులవారీగా పెద్ద మీటరు ఉన్నవి, లేనివి. ఈ సమాచారం ఉన్న రిజిస్టరు నకలు కావాలని విడిగా అడగండి, అభిప్రాయం అడగవద్దు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన కాగితాలు ఇక్కడ పెట్టండి, లెక్క నేనూ మాస్టారూ కలిసి చూస్తాం.

గాజువాక గృహిణి

మా ఊరికీ నేనే పెడతాను. ఇదే నమూనా వాడుకుంటున్నాను.